మంత్రం కాదు, వడ పెట్టొద్దని రాసినాను

ఉద్దివడ వాసన తగిలితే ఇప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. చిన్నప్పుడు దానికోసం పిలవని పెండ్లిండ్లకు కూడా నడిచిపోయినదాన్ని. ఈ వృద్ధుల హోముకు వచ్చినాక ఆ ఇష్టం చచ్చిపోయింది. ఎట్ల చచ్చిందో చెప్తాను. వినేదానికి బాగుండదు.

మా హోము వేలూరు నుంచి గుడియాత్తం పోయే దోవలో ఉండాది. నన్ను ఎవరూ తెచ్చి ఇక్కడ పడేయలేదు. పేర్ణాంబట్టులో నలభై ఏండ్లు బీడీలు చుట్టినాను. మొగుడు పోయినాడు, బిడ్డలు పుట్టలేదు, మోకాళ్లు వంగేది మానేసినాయి. నేనే సంచి పట్టుకుని బస్సెక్కి వచ్చినాను. ఆ బస్సు బోర్డు కూడా పక్కనోళ్లను అడిగే ఎక్కినాను. అప్పటికి నాకు తెలుగక్షరమూ రాదు, అరవక్షరమూ రాదు.

నా పక్క మంచం టీచరమ్మది. గుడియాత్తంలో తెలుగు పిల్లోళ్లకు చదువు చెప్పి రిటైరైన మనిషి. ఊరికే కూర్చునేది ఆమెకు చేతకాదు. నేను వచ్చిన మూడో రోజే పలక తెప్పించింది.

"బీడీ చుట్టిన వేళ్లు కదా, బలపం పట్టుకోలేవా? పట్టు."

"ఈ వయసులో నాకెందుకు టీచరమ్మా?"

"ఈ వయసులో వడ ఎందుకు, కాఫీ ఎందుకు? అవి మాత్రం అడిగి అడిగి తింటావే!"

రెండేండ్లు తిట్టి తిట్టి నేర్పించింది. నేనిప్పుడు ఇది రాస్తా ఉండానంటే ఆ తిట్ల వల్లనే.

పోయిన వానాకాలంలో ఆమెకు కుడి కాలూ చెయ్యీ పడిపోయినాయి. మాట కూడా పోయింది. వేలూరు పెద్దాస్పత్రిలో రెండు వారాలు పెట్టుకుని పంపించినారు. పంపించే ముందు అక్కడి నర్సు నన్నూ, మమ్మల్ని చూసుకునే ఆయానూ కూర్చోబెట్టి చెప్పింది. ఈమెకు గొంతు సరిగ్గా మింగదు, గట్టిది ఏది పెట్టినా ఊపిరి దోవలోకి పోయి ప్రాణం పోతాది. నిటారుగా కూర్చోబెట్టాల. గంజి చిక్కగా కాచాల. చిన్న స్పూనుతో పెట్టి, మింగిందని చూసుకున్నాకనే ఇంకో స్పూను. అదే మాట అరవంలో ఒక అట్ట మీద రాసిచ్చింది. ఆ అట్టను టీచరమ్మ తలకాడ గోడకు తగిలించినాము.

మా హోముకు వారానికి రెండు మూడు సార్లు అన్నం పెట్టేవాళ్లు వస్తారు. పుట్టినరోజని ఒకరు, పెండ్లిరోజని ఒకరు, పోయిన నాయన తిథి అని ఒకరు. పెట్టనీ, మంచిదే. నేనూ తిన్నాను, కాదనను. కానీ ఊరికే పెట్టి పోరు. ఒక్కొక్కరి నోట్లో చేత్తో పెట్టి ఫోటో తీసుకోవాల వాళ్లకు. నోరు మూసుకుంటే, అవ్వను అరవంలో పిలిచినట్టు "ఆ అనండి పాట్టీ, ఆ..." అని బుగ్గలు నొక్కుతారు. పది మంది ఎంగిలి ఒకే చేతికి, ఆ చెయ్యి పదకొండో నోట్లోకి. చక్కెర రోగం ఉండే పెద్దాయన నోట్లో మైసూరుపాకు కుక్కి పోతారు. ఆమీద ఆయన కాలి పుండు కుళ్లినప్పుడు ఫోటో తీసేదానికి ఒక్కరూ రారు. ఒకడైతే నా ముక్కుకు కేకు క్రీము పూసి ఇకఇక నవ్వినాడు. డెబ్బై దాటిన ముక్కు నాది. వానికి ఆటబొమ్మా?

అట్లా వాళ్లు వచ్చే రోజు మా వార్డెనమ్మ టీచరమ్మ తలకాడ అట్టను తీసి బీరువాలో పెడతాది. వాళ్లు పోయినాక మళ్లీ తగిలిస్తాది.

"ఎందుకమ్మా తీస్తావు?" అని అడిగినాను.

"అది ఉంటే ఫోటోలో ఆస్పత్రి మాదిరి కనిపిస్తాది. చూసేవాళ్ల మనసు చెడిపోతాది."

"వాళ్ల మనసు ఎక్కువా, ఈమె ప్రాణం ఎక్కువా?"

"నువ్వు పక్కనే ఉండావు కదా, చూసుకోరాదా?" అని నవ్వుకుంటా పోయింది.

నాకు రోషం వచ్చింది. దాంతో పాటు కొత్తగా అక్షరాలు వచ్చిన పొగరు కూడా. పాత కాలెండరు అట్ట వెనకపక్క తెలుగులో పెద్ద పెద్దగా రాసినాను: "నోట్లో ఏమీ పెట్టవద్దు. వడ వద్దు. లడ్డు వద్దు. చచ్చిపోతుంది." నాలుగు మూలలా బంక పూసి గోడకు అంటించినాను. టీచరమ్మ చదివి, ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని ఒత్తింది. వార్డెనమ్మ కూడా చూసింది. తీయలేదు. గెలిచినాననుకున్నాను.

ఆ వారమే గుడియాత్తం నుంచి లుంగీల వ్యాపారి ఒకాయన వచ్చినాడు. వాళ్లమ్మ తిథి. తెలుగాయనే. నేనింకా ధైర్యంగా ఉండాను, చదువుకుంటాడులే అని. హాల్లో అందరికీ ఆకులు వేసినారు. నా ఆకు ముందర కూర్చుంటే మంచాల గది వాకిలి ఎదురుగా కనిపిస్తాది. ఆయన వడ చేతపట్టుకుని గదిలోకి పోయినాడు, వెనకనే ఆయన తమ్ముడు ఫోనెత్తుకుని. టీచరమ్మ కాడ నిలబడి గోడ పక్క చూసినాడు. నా అట్టనే చూస్తా ఉండాడు. ఇప్పుడు వడను వెనక్కి తెస్తాడు అనుకుంటా ఉండాను.

ఆయన జేబులోంచి గుడి కుంకం పొట్లం తీసినాడు. నా అట్టకు బొట్టు పెట్టినాడు. కండ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు. పెట్టుకుని, వడ తుంచి ఆమె నోట్లో పెట్టినాడు.

నా మోకాళ్లతో లేచేది అంత సులువా? ఆకులోనే చెయ్యి ఊని లేచినాను, సాంబారు చీరంతా అయింది. నేను పోయేసరికి ఆమె మొహం నల్లబడతా ఉండాది. దగ్గు లేదు, చప్పుడే లేదు. ఆయన "నీళ్లు, నీళ్లు" అంటాడు.

"నీళ్లు పోసినావంటే నిన్ను నేనే చంపుతాను!" అని అరిచి ఆయాను పిలిచినాను.

ఇద్దరమూ ఆమెను లేపి ముందుకు వంచినాము. ఆయా రెక్కల మధ్యన వీపు మీద గుద్దింది. ఐదో గుద్దుకు వడ ముక్క నా అరచేతిలో పడింది, జొల్లుతో, మిరియం గింజతో. ఆ వెచ్చదనం ఇంకా నా చేతిలోంచి పోలేదు. అప్పటికీ ఆ తమ్ముడు ఎత్తిన ఫోను దించలేదు.

టీచరమ్మకు ఊపిరి తిరిగినాక ఆ వ్యాపారి నోరు తెరిచినాడు. "మంత్రం అనుకున్నానమ్మా."

"ఏ మంత్రం?"

"గోడ మీద ఉండేది. ఇంట్లో మేము తెలుగే మాట్లాడతాము, చదివేది రాదు. మా అవ్వ పూజగదిలో పటం కింద ఇట్లాంటి అక్షరాలే ఉండేవి. అందుకే..."

"వడ పెట్టొద్దని రాసినానప్పా దాంట్లో. దానికి బొట్టు పెట్టి వడ పెట్టినావు."

నాకు ఆయన మీద అసహ్యం వేసింది, నా మీద ఇంకా ఎక్కువ వేసింది. బీడీ కొట్టంలో నా పక్కన కూర్చున్న ఆడోళ్లంతా తెలుగే మాట్లాడేది, ఒక్కరికీ చదివేది రాదు. నేనూ ఆ మందలోదాన్నే కదా. అక్షరాలు నాకు వచ్చేసరికి ఊరందరికీ వచ్చేసినట్టు అనుకున్నాను.

వాళ్లు పోయినాక వార్డెనమ్మ నా మీదికి వచ్చింది. "వచ్చినవాళ్ల మీద అట్లా అరుస్తారా? రేపు ఎవరైనా మన వాకిలి తొక్కుతారా?"

"తొక్కకపోతే గంజి తాగుతాము. నా అట్టను ఎందుకు తీయలేదు నువ్వు?"

"ఎవరూ చదవరు కదా, ఉంటే ఏమి అనే వదిలినాను" అనింది. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహంలో చీమంత సిగ్గు లేదు.

మరుసటి రోజు నర్సు రాసిచ్చిన అరవం అట్టను గోడ మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. దుప్పట్ల మీద మంచం నంబర్లు వేసే ఇంకు ఉండాది, ఎంత ఉతికినా పోదు. గంజి కారకుండా టీచరమ్మ మెడకు కట్టే తువ్వాళ్లు నాలుగు తీసుకున్నాను. అరవక్షరం ఒక్కటీ నాకు తెలియదు. పక్కింటి ముగ్గు చూసి మన వాకిట్లో వేసుకున్నట్టు, ఒక్కొక్క గీత చూసి నాలుగింటి మీదా వేసినాను. ఆయా చదివి చూసి సరిగ్గా ఉండాదనింది.

తరువాతి తడవ అన్నం పెట్టేవాళ్లు వచ్చే రోజు, టీచరమ్మ మెడలో ఆ తువ్వాలు చూసి వార్డెనమ్మ మొహం ముడుచుకుంది. "ఇదేం అవతారం? తీసేయి."

"తీసినాక గంజి మూతి ఎవరు తుడుస్తారు, నువ్వా?"

ఆమె పోయింది. ఆ రోజు వచ్చింది వేలూరాయన, పెండ్లిరోజు. లడ్డు తుంచి టీచరమ్మ మీదికి వంగినాడు. వంగినవాని కండ్లు తువ్వాలు మీద పడినాయి. చదివినాడు. చెయ్యి ఆగిపోయింది.

"మరి పాట్టికి ఏమి పెట్టేది?" అని అరవంలో అడిగినాడు.

గంజి గిన్నె, స్పూను చేతికిచ్చినాను. "కూర్చో నాయనా. మింగిందని చూసుకుని ఇంకోటి పెట్టు."

పాపం, కూర్చున్నాడు. రెండో స్పూనుకు భార్య ఫోను ఎత్తింది. "ఆ తువ్వాలు కొంచెం మడిస్తే ఫోటో బాగా వస్తుంది" అనింది.

"మడిచినావంటే నీ చెయ్యి మడుస్తాను."

తువ్వాలుతోనే తీసుకున్నారు. నాలుగో స్పూనుకు ఆయన గడియారం చూసుకున్నాడు. ఐదో స్పూను పెట్టకుండానే గిన్నె నా చేతికిచ్చి, "టైమైంది పాట్టీ" అని లేచిపోయినాడు.

గిన్నెలో ముప్పాతిక అట్లనే ఉండాది, చల్లారిపోయింది. మంచం అంచున కూర్చుని తక్కినదంతా నేను పెట్టినాను, ఒక్కొక్కటే, గొంతు కదిలేవరకు ఆగి. హాల్లో వడలు మిగిలినాయని ఆయా నాకు రెండు తెచ్చింది.

"కాకులకు వెయ్యి" అన్నాను.