నాన్న మందు, మా ఇంటి నల్లులు

పట్టుచీర మడతలోంచి నల్లి బయటికి వచ్చిన రోజు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. విజయవాడలో మేం అద్దెకుంటున్న వాటాలో ముందుగదిలోనే నా కుట్టుమిషన్ ఉంటుంది. జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్స్ వేస్తాను. ఆ చీర ఇచ్చినావిడ చాలా ఏళ్లుగా నా దగ్గరికే వస్తున్న మనిషి. మడత విప్పి చూసుకుంటూ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. వరండాలోకి వెళ్లి చీర రెండుసార్లు దులిపి, సంచిలో పెట్టుకుంది. కుట్టమని తెచ్చిన జాకెట్టు గుడ్డలు కూడా తిరిగి పట్టుకెళ్లింది. మళ్లీ రాలేదు.

అప్పటికే నాలుగు నెలలుగా వాటితో అవస్థ పడుతున్నాను. హనుమాన్ జంక్షన్‌లో పాత సామాన్ల దుకాణంలో మా ఆయన ఒక సోఫా కొన్నారు. మడత విప్పితే మంచమయ్యే రకం. దాంతోపాటే వచ్చాయని నా నమ్మకం. ఆయన ఒప్పుకోరు. కొండపల్లిలో డ్యూటీ దిగి వచ్చేటప్పుడు బస్సులో అంటుకుని ఉంటాయంటారు. ఎలా వస్తేనేం, మా అమ్మాయి మెడ మీద వరసగా దద్దుర్లు తేలాయి. మొదట దోమలనుకున్నాం. పరుపు కుట్టు వెంబడి నల్లటి చుక్కలు చూశాక అసలు సంగతి తెలిసింది.

షాపులో దొరికే స్ప్రే తెచ్చి కొట్టాను. నాలుగు రోజులు కనబడలేదు, ఐదో రోజు వచ్చాయి. నీళ్లలో కలిపి కొట్టే ఇంకో మందు తెచ్చాను. అదీ అంతే. చివరికి డబ్బులిచ్చి మందు కొట్టేవాళ్లను పిలిపించాం. ఇల్లంతా తడిపి, ఇక ఒక్కటి కూడా మిగలదని చెప్పి వెళ్లారు. వాళ్లు మెట్లు దిగారో లేదో, తడి ఆరని మంచంపట్టె మీద ఒక నల్లి తాపీగా నడుచుకుంటూ పోయింది. ఫోన్ చేస్తే, ఇల్లు శుభ్రంగా ఉంచుకోవాలండీ అని నాకే చెప్పారు. రోజుకు రెండుసార్లు ఊడ్చి తుడిచేదాన్ని. ఆ మాటకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు నాన్నకు కబురు చేశాను. నాన్న చల్లపల్లిలో ముప్పై ఏళ్లకు పైగా పురుగుమందుల దుకాణం నడిపాడు. ఏ పురుగుకు ఏ మందో చుట్టుపక్కల రైతులంతా ఆయన్నే అడిగేవాళ్లు. వస్తూనే, ఎన్ని నీళ్లకు ఎంత మందు కలిపావని అడిగాడు. చెప్పాను. తల అడ్డంగా ఊపాడు.

"కలపడంలో ఎక్కడో తేడా చేసి ఉంటావమ్మా. మందు తప్పు కాదు."

సంచిలోంచి ఒక సీసా తీశాడు. వరికి కొట్టే మందు. పిల్ల పడుకునే గదిలో పొలం మందు కొట్టనివ్వనని దాన్ని తీసుకెళ్లి బయట పెట్టించాను. ఇద్దరం మాటా మాటా అనుకున్నాం. ఆ పూట ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, నేను తెచ్చిన మందే తను కలిపితే ఎలా పనిచేస్తుందో చూపిస్తానన్నాడు. కొలత గ్లాసుతో తనే కలిపాడు. ఒక కాగితం అందులో తడిపి ఆరబెట్టి, గాజుగిన్నెలో పరిచాడు. పరుపు మూలల్లోంచి ఐదు నల్లులను పట్టి దాని మీద వదిలి, పైన పలచటి గుడ్డ కట్టాడు. సాయంత్రానికి చూడమన్నాడు.

సాయంత్రానికి ఐదూ తిరుగుతున్నాయి. సోమవారం ఒకటి వెల్లకిలా పడింది. తక్కిన నాలుగూ కాగితం అంచు పట్టుకుని గిన్నె చుట్టూ నడుస్తున్నాయి. మందు ఇంకాస్త చిక్కగా కలిపి కొత్త కాగితం వేశాడు. మంగళవారం కూడా నాలుగూ బతికే ఉన్నాయి. నాన్న కళ్లజోడు పెట్టుకుని, పేపరు కూడా చదవకుండా ఆ గిన్నె ముందే కూర్చున్నాడు.

నేను మిషన్ ఆపి దగ్గరికి వెళ్లాను. గిన్నెను నా వైపు తిప్పాడు.

"చచ్చేవి ఎప్పుడో చచ్చాయమ్మా. మందుకు తట్టుకున్నవి మిగిలి పిల్లల్ని పెట్టాయి. నీ ఇంట్లో ఉన్నవన్నీ ఆ తట్టుకున్నవాటి సంతానమే. వరి రసం పీల్చే సుడిదోమ కూడా ఇలాగే చేసింది."

తర్వాత ఒక రైతు సంగతి చెప్పాడు. మందు కొట్టినా దోమ చావలేదని ఆయన ఖాళీ సీసా పట్టుకుని దుకాణానికి వచ్చాడట. కలపడం చేతగాక నా దుకాణం పేరు చెడగొడతావా అని నాన్న నలుగురిలో అరిచాడట. ఆ రైతు అదే మందు ఇంకో సీసా కొనుక్కుని వెళ్లాడు. ఆ ఏడు ఆయన చేను సుడులు సుడులుగా ఎండిపోయింది.

"ఆయన సరిగ్గానే కలిపాడు" అన్నాడు నాన్న.

నాకు జాలి కలగాల్సింది. కోపం వచ్చింది. నాలుగు నెలలుగా అందరూ నన్నే తప్పుపట్టారు, వచ్చిన రోజే ఈయనా అన్నాడు. ఆ సంగతి తనంతట తను ఎత్తుతాడని చూశాను. ఎత్తలేదు.

"మరి నేనూ సరిగ్గానే కలిపాను కదా నాన్నా?"

"కలిపావు." గిన్నెలోకి చూస్తూనే అన్నాడు.

ఊరెళ్లకుండా పదిహేను రోజులు ఉండిపోయాడు. మంచాల మరలు విప్పాడు. నేను ఆవిరి ఇస్త్రీపెట్టెతో ప్రతి అతుకుకూ, ప్రతి కుట్టుకూ నెమ్మదిగా ఆవిరి పట్టిస్తే, ఆయన టార్చి వేసుకుని సూదితో సందులు కెలికేవాడు. దుప్పట్లు, బట్టలు మరిగే నీళ్లలో వేశాం. ఆవిరికి మాత్రం అవి చచ్చాయి. సోఫాను పారేసే ముందు దాని గుడ్డంతా కత్తితో చీల్చాడు, బాగుందని ఇంకెవరూ ఇంటికి మోసుకుపోకుండా. నా చేతుల మీద బొబ్బలు లేచాయి. దసరా సీజన్ కుట్టుపని సగం పోయింది. రెండు నెలలకు అమ్మాయి ఒంటి మీద దద్దుర్లు ఆగాయి.

పక్కవాటా ఆవిడ వచ్చి, మాకూ నల్లులున్నాయి, ఏ మందు వాడారండీ అని అడిగింది. మందు కాదండీ, ఆవిరి, వేణ్ణీళ్లు అన్నాను. కావాలనే దాస్తున్నాననుకుంది. మర్నాడు వాళ్లింట్లోంచి మందు వాసన ఘాటుగా వచ్చింది. వారం తిరక్కుండా మా రెండిళ్లకూ మధ్య ఉన్న గోడ మీద, మా వైపు స్విచ్‌బోర్డు చుట్టూ, మూడు నల్లులు కనబడ్డాయి. ఆ మందుకు చెదిరి ఇటు వచ్చినవే. వాళ్ల తలుపు కొట్టి, కోపం దిగమింగుకుని, మీ మంచాలు నన్నొకసారి చూడనివ్వండి అని అడిగాను.