హీటర్ పక్కన కంప్యూటరు

గ్లెనిస్ పర్టన్‌ని ఎవరైనా "పాపం, పెద్దావిడ" అంటే నాకు ఒళ్లు మండుతుంది. పాపమేమిటి? డెబ్బై దాటినా పొయ్యిలోకి కట్టెలు తనే చీల్చుకుంటుంది. దారిలో ఎదురైన ప్రతి మనిషికీ ఏదో ఒక చురక అంటించందే వదిలిపెట్టదు. మా ఊరు మస్సెల్ పాయింట్‌లో పాపం అనాల్సిన వాళ్లెవరైనా ఉంటే, ఆవిడతో పంతానికి దిగినవాళ్లే.

నేనిక్కడ బేకరీ పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. అరుంధతి అన్న నా పేరు వీళ్ల నోళ్లలో పడి "ఆరీ" అయి కూర్చుంది. టాస్మేనియా దీవి దక్షిణపు కొసన, రోడ్డు ఆగిపోయే చోట మా ఊరు. ఊరి హాలుకీ నా బేకరీకీ మధ్య ఒకటే గోడ. హాల్లో ఎవరు గొంతు పెంచినా ముందు నాకు వినిపిస్తుంది, ఆ తర్వాతే ఊరికి.

గ్లెనిస్ పుట్టింది, పెరిగింది ఇక్కడే. పదిహేనో ఏట ఆపిల్ షెడ్డులో చేరి, పళ్లని ఒక్కొక్కటీ పల్చటి కాగితంలో చుట్టి పెట్టెల్లో పేర్చేది. తర్వాత ఇంగ్లండు మా ఆపిళ్లు కొనడం మానేసింది. తోటలు పెరికేశారు, షెడ్డు మూసేశారు. "నీలాంటి వాళ్లతో ఇక పనిలేదమ్మాయ్" అన్నాట్ట ఆ యజమాని. అప్పటికి ఆవిడకి నిండా పాతికేళ్లు లేవు. ఆ మాట తలుచుకుంటే ఇవాళ్టికీ ఆవిడ ముక్కుపుటాలు అదురుతాయి.

బడి క్యాంటీన్లో చేరి, ఊళ్లో రెండు తరాల పిల్లలకి శాండ్‌విచ్‌లు చేసిపెట్టి రిటైరైంది. భర్త కీత్‌ది చేపల పడవ. ఆయన పోయాక ఇల్లు బావురుమంది. "గోడలతో మాట్లాడ్డం మొదలెట్టాను ఆరీ. అవి జవాబు చెప్పకముందే ఏదో ఒకటి చెయ్యాలి" అంది నాతో. ఆ చేసిందే కంప్యూటర్ గది. ఏదో ఆఫీసువాళ్లు పారేయబోతున్న కంప్యూటర్లు అడిగి తెచ్చింది. శుక్రవారం శుక్రవారం పబ్బులో, గెలిచినవాళ్లకి మాంసం ట్రే ఇచ్చే లాటరీ టికెట్లు అమ్మి ఇంటర్నెట్టు పెట్టించింది. నా సాసేజ్ రోల్స్ ఎన్ని ఊడలాక్కుందో లెక్కే లేదు. హాలు వెనక గదిలో ఎనిమిది కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక కట్టెల హీటరు. పింఛను కాగితాలనీ మనవల ఫొటోలనీ వంక పెట్టుకుని ఊళ్లోని ముసలీముతకా అంతా అక్కడ చేరేవాళ్లు. అసలు పని కబుర్లు.

ఆ కబుర్లలో సగం కంప్యూటర్లని తిట్టడమే. తిట్టరా మరి? పొద్దున్నే మీట నొక్కితే "అప్‌డేట్ జరుగుతోంది, దయచేసి ఆపకండి" అని ఒక చక్రం తిరుగుతూ కూర్చునేది. టీ తాగొచ్చినా తిరిగేది, భోంచేసి వచ్చినా తిరిగేది. అది అయిందనుకుంటే ఎవరూ అడగని ప్రకటనలు. అందరికంటే ఎక్కువ తిట్టేది లోర్నా బీమిష్. గ్లెనిస్‌తో ఒకే బెంచీ మీద చదువుకున్న మనిషి. ఎండ కాస్తే ఎండ అని సణుగుతుంది, వాన పడితే వాన అని సణుగుతుంది. గొర్రెని దొంగిలించి ఇంగ్లండు నుంచి ఇక్కడికి ఖైదీగా సంకెళ్లతో ఓడెక్కిన తన ముత్తాత తాలూకు కాగితాలు వెతకడం ఆవిడ వ్యాపకం. వెతుకులాట అసలు చోటుకి వచ్చేసరికి ఆ చక్రం ప్రత్యక్షమయ్యేది. "మా ముత్తాతని ఓడెక్కించడానికి ఆ జడ్జికి ఇంతసేపు పట్టలేదు!" అని లోర్నా అరిస్తే నా ఓవెన్ దాకా వినిపించేది.

ఆ యేడు చలికాలం మొదట్లో ఎనిమిది తెరల మీదా ఒకటే మాట వచ్చింది. ఈ కంప్యూటరు కొత్త సిస్టంకి పనికిరాదు, పాత సిస్టంకి ఇక రక్షణ ఉండదు, కొత్తది కొనుక్కోండి.

వెనకే కౌన్సిల్ నుంచి ఫిలిపా డ్రేక్ అనే ఆఫీసరమ్మ వచ్చింది. మర్యాదస్తురాలే. కాని చెప్పిన మాట పిడుగులా పడింది. రక్షణ లేని కంప్యూటర్లు హాల్లో ఉండకూడదట, కొత్తవాటికి డబ్బు లేదట. ఆగస్టు చివర్లో గది మూసేసి, కుర్చీలూ బల్లలూ దాచుకోవడానికి వాడతారట.

"ఇవి పనిచేస్తున్నాయి కదా" అంది గ్లెనిస్.

"పనిచేస్తున్నాయండీ. కాని వీటి కాలం అయిపోయింది."

"ఎవరన్నారు?"

"అదే... తెర మీద వచ్చింది కదండీ."

బన్నులు ఇవ్వడానికొచ్చిన నేను గ్లెనిస్ మొహం చూసి చేతిలో ట్రే కింద పెట్టేశాను. యాభై ఏళ్ల కిందటి షెడ్డు యజమానే మళ్లీ వచ్చి ఎదురుగా నిలబడ్డట్టుంది ఆవిడకి. "పనిచేస్తున్నదాన్ని పనికిరాదనడానికి వాడెవడు?" అంది. ఆ మాట కంప్యూటర్ల గురించి మాత్రమే కాదని నాకు తెలుసు.

ఉచితంగా దొరికే సిస్టం ఒకటుందనీ, దాన్ని లినక్స్ అంటారనీ, పాత కంప్యూటర్లలో కూడా పరిగెడుతుందనీ చెప్పింది రెక్స్. పడవ ఇంజిన్లు బాగుచేసి రిటైరైన మనిషి. రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. "నాకు చేతనవునో కాదో తెలీదు. పాడైతే ఎలాగూ పారేసేవే" అన్నాడు. ఫిలిపా కూడా కాదనలేదు. "రక్షణ సంగతి తేలితే నాకు అభ్యంతరం లేదు. కాని గ్లెనిస్ గారూ, ఈ వయసులో వీళ్లంతా కొత్త సిస్టం నేర్చుకుంటారా? ఆగస్టు చివర్లో నేనే వచ్చి చూస్తాను. జనం హాయిగా వాడుకుంటూ ఉంటే గది ఉంటుంది. లేకపోతే నేనేం చెయ్యలేను" అంది.

గ్లెనిస్ ఆదివారం మీటింగు పెట్టింది. తలా ఒక పళ్లెం తినుబండారాలు పట్టుకొచ్చారు. రెక్స్ ఒక కంప్యూటర్లో కొత్త సిస్టం ఎక్కించి ఉంచాడు. గ్లెనిస్ చీటీ చూసుకోకుండా ఉపన్యాసం ఇచ్చింది. ఆఖర్న "చూడండి, ప్రింటు కూడా ఎంత చక్కగా వస్తుందో" అని మీట నొక్కింది. ప్రింటరు ఉలకలేదు, పలకలేదు. మళ్లీ నొక్కింది. ఊహూఁ.

"బాగుంది, చక్కగా ఉంది" అంది లోర్నా, స్కోన్ మీద జామ్ రాసుకుంటూ. "నాకు ఆ పాతదే ఇయ్యి తల్లీ. దాన్ని ఎక్కడ తిట్టాలో నాకు తెలుసు."

అందరూ నవ్వారు. తెచ్చినవన్నీ తిన్నారు, పళ్లేలు కడుక్కున్నారు, వెళ్లిపోయారు. ఆ సాయంత్రం గ్లెనిస్ నా బేకరీలో కూచుని టీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు. "ఆ గది పోతే నేను మళ్లీ గోడల దగ్గరికే ఆరీ" అంది. ఆవిడ భయపడ్డం చూడ్డం నాకదే మొదటిసారి. లోర్నా మీద నాకొచ్చిన కోపానికి మర్నాడు ఆవిడకి మాడిన బన్ను అమ్మాను.

ఆ కొత్త సిస్టంని ప్రింటరుతో మాట్లాడించడానికి రెక్స్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. ఎట్టకేలకి అది పలికిన రోజున గ్లెనిస్ ఎవరికీ చెప్పొద్దంది. మారిన ఆ కంప్యూటర్ని తీసుకెళ్లి హీటరు పక్కన పెట్టించింది. మిగిలిన ఏడూ చలిగాలి కొట్టే కిటికీ కిందే ఉన్నాయి. కొత్త సిస్టం తెర మీద పాత ఫొటోనే, మా రేవు ఫొటోనే వేయించింది. అంతే. ఇక నోరెత్తలేదు.

జూలై అంటే మాకు నడి చలికాలం, గడ్డి మీద మంచు తెల్లగా పరుచుకుంటుంది. ఆ పొద్దున తలుపు తియ్యగానే లోర్నా తిన్నగా హీటరు దగ్గరికి వెళ్లి కాళ్లు చాపుకుంది. మీట నొక్కింది. చక్రం లేదు, ప్రకటన లేదు. టీ కప్పు బల్ల మీద పెట్టేలోపే తెర సిద్ధం. మధ్యాహ్నానికల్లా ముత్తాత శిక్ష కాగితం చేతికొచ్చింది. అదీ ప్రింటులో!

"దొరికాడు! ఒక్క గొర్రె కాదే, రెండు గొర్రెలు!" అని లోర్నా గంతులేసింది. ఒక గొర్రె దొంగ మునిమనవరాలిగా ఇన్నాళ్లూ తలవంచుకు తిరిగినట్టూ, రెండో గొర్రెతో పరువు నిలబడినట్టూ ఉంది ఆ సంబరం.

మర్నాడూ ఆవిడే ఆ కుర్చీలో. ఆ మర్నాడూ ఆవిడే. మిగతావాళ్లు కిటికీ కింద వణుకుతూ చక్రం చూస్తూ కూచున్నారు. నాలుగో రోజుకి గొణుగుడు మొదలైంది.

"అదొక్కటే అంత జోరుగా ఎందుకు పోతోంది?" అన్నారెవరో.

లోర్నాకి తెలియనిదేముంది? "హీటరు! పొద్దున్న చలికి నీ డీజిల్ బండి స్టార్టవుతుందా? వేడెక్కాలా వద్దా? ఇదీ అంతే. ఇన్నేళ్లూ వీటిని కిటికీ కింద పెట్టి చంపాం."

ఇంతమంది బుర్రలున్న ఊళ్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. అందరి బళ్లూ డీజిల్‌వే మరి. ఆ సాయంత్రం నా గోడ అవతల బల్లలు ఈడ్చే చప్పుడు. వెళ్లి చూద్దును కదా, ఏడు కంప్యూటర్లూ హీటరు చుట్టూ చేరి ఉన్నాయి. వైర్లు కాళ్లకి అడ్డంపడుతున్నాయి. ఒకాయన తన దానికి పైన ఉన్ని శాలువా కూడా కప్పాడు. రెక్స్ గుమ్మంలో నిలబడి పైకప్పు కేసి చూస్తున్నాడు, నవ్వాపుకోలేక భుజాలు ఊగిపోతున్నాయి.

"గ్లెనిస్, చెప్పెయ్యవే. ఊరు తగలబడేట్టుంది" అన్నాను.

"రేపు చెప్తాను. ఇంకొంచెం ఉడకనీ" అంది.

మర్నాడు పొద్దున అందరూ చెమటలు కక్కుతూ కూచున్నారు. చక్రాలు మాత్రం ఎప్పట్లాగే తీరిగ్గా తిరుగుతున్నాయి. లోర్నాది తప్ప. అందరూ లోర్నా వంక చూశారు. లోర్నా గ్లెనిస్ వంక చూసింది.

"ఏం చేశావే దీన్ని?"

"ఏం చెయ్యలేదు. ఆ ఆదివారం మీటింగులో నువ్వు వద్దన్న సిస్టమే అది. నువ్వు దాని ముందు కూచోబట్టి ఇవాళ్టికి ఐదు రోజులు."

లోర్నా మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది.

"అయితే నన్ను మోసం చేశావన్నమాట!"

"కుర్చీ వేశానంతే. కూచున్నది నువ్వు."

"డీజిల్ బండి అని నా చేత వాగించావు కదే!"

"అది నేను చెప్పలేదు తల్లీ. అది పూర్తిగా నీ సొంత తెలివి."

శాలువా కప్పినాయన ముందు నవ్వాడు. తర్వాత గది గదంతా. లోర్నా తన సంచీ ఒళ్లోకి లాక్కుంది. లేచి వెళ్లిపోతుందేమో అనుకున్నాను. ఆవిడ పోతే సగం మంది ఆవిడ వెనకే పోతారు. కాని కుర్చీ వదిలితే ఇంకెవరో కూచుంటారని ఆవిడకీ తెలుసు. చివరికి రెక్స్ మీద విరుచుకుపడింది. "అలా చూస్తావేమయ్యా గుడ్లప్పగించి? ఆ ఏడింటికీ ఎక్కించు! వీళ్లంతా నా కుర్చీ చుట్టూ ఎన్నాళ్లు మూగుతారు?"

రెక్స్ అప్పుడే పెన్‌డ్రైవ్ జేబులోంచి తీశాడు.

ఎనిమిదీ మారాయి. సులువుగా ఏం జరగలేదు. ఒకరికి అక్షరాలు చిన్నగా కనిపించాయి, ఒకరు పాత బొమ్మ నొక్కబోయి ఇంకేదో నొక్కి కంగారుపడ్డారు. గ్లెనిస్ ఆ వారాల్లో విసుక్కోని రోజు లేదు, మానేసిన రోజూ లేదు. "క్యాంటీన్లో నీ కొడుక్కి కూడా ఇలాగే రెండుసార్లు చెప్పాల్సొచ్చేది" అని తిడుతూ తిడుతూనే నేర్పింది. లోర్నా అయితే వచ్చిన ప్రతివాళ్లకీ తనే కనిపెట్టినట్టు పాఠాలు చెప్పేది. గ్లెనిస్ ఆ గొప్పకి అడ్డు రాలేదు. ఆవిడకి గది కావాలి, పేరు ఎవరు పట్టుకుపోతే ఏం?

ఆగస్టు చివర్లో ఫిలిపా డ్రేక్ వచ్చింది. ముందుగా గ్లెనిస్‌నే అడుగుతుందనుకున్నాం. కాని ఫిలిపా తెలివైంది. గది అంతా ఒకసారి చూసి, ఊళ్లో ఎవరు ఎక్కువ సణుగుతారో కౌన్సిల్లో అందరికీ తెలిసిందే కాబట్టి, తిన్నగా లోర్నా దగ్గరికి వెళ్లింది.

"లోర్నా గారూ, కొత్త సిస్టం వాడుతున్నారట. నిజం చెప్పండి. ఇబ్బంది ఏమైనా ఉందా?"

"ఉంది" అంది లోర్నా.

రెక్స్ టోపీ తీసేశాడు. గ్లెనిస్ బల్ల అంచు పట్టుకుంది.

"చాలా ఇబ్బంది ఉంది" అంది లోర్నా, కుర్చీలో వెనక్కి వాలి. "ఐదింటికల్లా తలుపు మూసేస్తున్నారు. కూచుని పని మొదలెట్టామో లేదో లేవమంటారు. ఇదేం పద్ధతి? ఏడింటిదాకా తెరిచి ఉంచాలి. ఎనిమిది కంప్యూటర్లు చాలడం లేదు, ఇంకో నాలుగు కావాలి. కొత్తవి అక్కర్లేదు. మీ ఆఫీసులో పనికిరావని పారేస్తున్నవి ఉంటాయి కదా, అవి పంపించు. మేం చూసుకుంటాం."

ఫిలిపా పగలబడి నవ్వింది. "ఏడింటిదాకా ఎవరుంటారండీ తాళం వెయ్యడానికి?"

"నేనుంటాను" అంది గ్లెనిస్. ఏడుస్తోందని అందరికీ తెలుస్తూనే ఉంది, ఆవిడేం దాచుకోలేదు. లోర్నా లేచి వెళ్లి ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"ఇది ఒక్కతీ ఉంటే మళ్లీ ఎవరినో మోసం చేస్తుంది, నేనూ ఉంటాను" అంది ఫిలిపాతో.

గది ఇప్పుడు ఏడింటిదాకా ఉంటోంది. కౌన్సిల్ పారేయబోయిన నాలుగు కంప్యూటర్లు పోయిన వారమే వచ్చాయి. వాటి మీద "పనికిరావు" అని అంటించిన చీటీలని గ్లెనిస్ తన గోటితో, ఒక్కొక్కటీ, తీరిగ్గా గీకేసింది.