ఊడ్పుల మేస్త్రిని మధ్యలో దించవచ్చా?

“సీజనంతా నన్నే మేస్త్రిగా ఉండమని అందరూ చేతులెత్తారు. ఆఖరి చేను ఊడ్చేదాకా నన్ను దించడానికి మీరెవరండీ?” అంది నాగమణి.

“నీ మాట వింటామని ఎత్తాం వదినా, మమ్మల్ని అడక్కుండా మాట ఇచ్చేయమని కాదు. ఇప్పుడే దిగు!” అంది రత్తాలు.

“దిగను.”

“అయితే రేపు ఆ చేలో నువ్వొక్కదానివే ఊడ్చుకో. మేం గట్టు మీద కూర్చుని చూస్తాం.”

ఇది కిందటి సార్వాలో, అంటే వానాకాలం పంటకి, కొల్లేరు పక్క మా ఊళ్ళో, మా అరుగు మీద జరిగిన తగువు. వరినాట్లను మా వైపు ఊడ్పులంటాం. ఊడ్చే ఆడవాళ్ళ జట్టు ముఠా. రైతుతో పని ఒప్పుకునే మనిషి మేస్త్రి. రైతిచ్చిన తాంబూలం మేస్త్రి పుచ్చుకుందంటే ముఠా అంతా మాట ఇచ్చినట్టే. మోకాళ్ళు మొరాయించేదాకా ఆ పని నేనే చేశాను.

నేను మానేశాక, ముఠాకి నచ్చినన్నాళ్ళే మేస్త్రి అనుకున్నారు. ఎవరికి కోపమొచ్చినా మేస్త్రి మారిపోయేది. “ఇవాళ మీలో ఎవరితో మాట్లాడాలండీ?” అని రైతులు నవ్వేవారు. అందుకే ఆసారి సీజనంతా ఒక్కరే ఉండాలని పట్టుబట్టి నాగమణిని నిలబెట్టాం. గట్టి మనిషి. బేరంలో ఎవరికీ లొంగదు.

ఆ గట్టిదనమే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. మా ఊరి రైతుకి మర్నాడు వస్తామని ముఠా ముందే ఒప్పుకుంది. పెద్ద చేను దొరికిందని నాగమణి అదే రోజుకి గుండుగొలను రైతు దగ్గర తాంబూలం పుచ్చుకుని వచ్చింది. మా ఊరాయన అప్పటికే నారుమడిలో ఆకు తీయించి కట్టలు కట్టించాడు. తీసిన నారు ఎండకి వాడిపోతే ఆయన సార్వా పాడవుతుంది, మమ్మల్ని మళ్ళీ గడప తొక్కనివ్వడు.

నా మనవరాలు శ్రావణి ఏలూరులో డిగ్రీ చదువుతోంది. తగువంతా విని పకపకా నవ్వింది.

“అమ్మమ్మా, ఇదే మా పాఠం. మన ప్రధానమంత్రి లోక్‌సభలో ఎక్కువమంది ఒప్పుకున్నన్నాళ్ళే ఉంటాడు. వాళ్ళు కాదంటే దిగాలి. అమెరికాలో ప్రెసిడెంట్ ఎన్నిక వేరు, సభ ఎన్నిక వేరు. సభకి నచ్చలేదని ఆయన్ని మధ్యలో దించలేరు. పెద్ద తప్పేదో చేస్తే విచారించి తీసెయ్యొచ్చు, అదీ మహా కష్టం.”

“మరి ఆయనకీ సభకీ పడకపోతే?” అన్నాను.

“ఖర్చుకి సభ ఒప్పుకోవాలి, ఆయన సంతకం పెట్టాలి. ఇద్దరూ బిగుసుకుంటే ప్రభుత్వాఫీసులు కొన్నాళ్ళు మూతపడతాయి.”

“రేపు మా చేను మూతపడ్డట్టు!” అంది రత్తాలు. నాగమణికి కూడా నవ్వొచ్చింది గాని కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను చదివింది మూడో తరగతి. అయినా ఆ మాటలు నాకు బాగానే ఎక్కాయి. ఎప్పుడంటే అప్పుడు దించేస్తే బయటివాళ్ళకి మన మాట మీద నమ్మకం ఉండదు. దించడానికి వీల్లేకపోతే ఆ మనిషికి మనల్ని అడగాలన్న ధ్యాస ఉండదు. ఏ పద్ధతి పెట్టుకున్నా అడగడమనేది ఒకటి మిగలాలి. అందరికీ అరగ్లాసు టీ పోసి అదే చెప్పాను. “మేస్త్రి సీజనంతా ఉంటుంది. తాంబూలం పుచ్చుకునే ముందు రత్తాలుని అడుగుతుంది. రత్తాలు ఊరికే కాదనకూడదు.”

“ఆవిణ్ణా?” అంది నాగమణి.

“నన్నే!” అంది రత్తాలు.

ఎవరూ సరేననలేదు. లైటు దండగని ఆర్పేసి అందర్నీ ఇళ్ళకి పంపేశాను.

తెల్లారేసరికి రత్తాలు ముఠాని తీసుకుని మా ఊరి రైతు చేలో దిగింది. నాగమణి మా గుమ్మంలోకి వచ్చి, “అత్తా, గుండుగొలను వెళ్ళి తాంబూలం తిరిగిచ్చెయ్యాలి. ఒక్కదాన్నే వెళ్ళలేను, తోడు రా” అంది. తాంబూలంలోని అరటిపళ్ళు రాత్రే ఆమె పిల్లలు తినేశారట. దారిలో రెండు నేనే కొన్నాను. గుండుగొలను రైతు పళ్ళెంలోకి చూసి, “నేనిచ్చినవి చక్కెరకేళీలు కదండీ!” అన్నాడు. నాగమణి తల వంచుకుని, ఇవాళ రాలేమని, ఎల్లుండైతే కుదురుతుందేమోనని అంది. ఆయన నారు ఇంకా తీయించలేదు. సరేనని, ఆ పళ్ళెం మళ్ళీ ఆమె చేతికే ఇవ్వబోయాడు.

నాగమణి చేతులు వెనక్కి తీసుకుంది. “ఆగండి, మా రత్తాలుని అడిగి చెబుతాను” అని ఫోను తీసింది.