అవ్వకు తల్లిగారిల్లు

మా ఇంట్లో అవ్వ, తాత కొట్లాడుకోని రోజు లేదు. కొట్లాట ముదిరినప్పుడల్లా తాత ఒకటే మాట అనేవాడు: "పోతే యాడికి పోతవే? నీకు తల్లిగారిల్లే లేకపాయె." దాంతో అవ్వ నోరు మూతపడేది. అలిగి వెళ్లడానికి ఇల్లు లేని మనిషి ఎంతసేపని అలుగుతుంది? ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. వనపర్తిలో ఉద్యోగం కుదిరాక, సెలవు దొరికితే చాలు, అవ్వ పుట్టింటివాళ్లను వెతకడమే పనిగా పెట్టుకున్నాను.

అవ్వకు తెలిసింది కొంచెమే. చిన్నప్పుడు అమ్మానాయనలతో కూలీల గుంపులో మా దిక్కు చెరువు పనికి వచ్చింది. గత్తర, అదే కలరా, తగిలి వాళ్లిద్దరూ పోయారు. గుంపు మేస్త్రీయే పెంచి, తాతకిచ్చి పెళ్లి చేశాడు. నాయన పేరు గుర్తుంది. అన్నను ఊళ్లో ముసలమ్మ దగ్గర వదిలి వచ్చారనీ గుర్తుంది. ఊరేదంటే మాత్రం తడుముకోకుండా "అమరచింత" అనేది.

సరేనని అమరచింత పాత పహాణీలు, ఏ భూమి ఎవరిదో రాసి ఉండే లెక్కలు, తీయించాను. అన్నీ ఉర్దూలో ఉన్నాయి. చదవడం వచ్చిన ఒక పెద్దాయనను బతిమాలి వెంట తీసుకెళ్లాను. చదివి చదివి ఆయన గొంతెండిపోయింది గానీ ముత్తాత పేరు తగల్లేదు. "భూమి లేనోళ్లేమో అమ్మా" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

చివరికి ఆ ఊళ్లోనే మేస్త్రీ కోడలు కనిపించింది. పండు ముసలి. నా గోడంతా విని పకపకా నవ్వింది.

"ఓ పిచ్చి బిడ్డా! గుంపుకు మేస్త్రీ ఊరి పేరే పెడ్తుండ్రి. అమరచింత గుంపంటే అందరిదీ అమరచింతనేనా? మా మామ కూలోళ్లను గద్వాల అవతల గట్టు ఊరి దిక్కు కెళ్లి తెస్తుండె."

హయ్యో రామా! చిన్నప్పటి నుంచి ఎవరడిగినా గుంపు పేరే చెప్పి, అవ్వ అదే తన ఊరనుకుంది.

గట్టు పహాణీలో ముత్తాత పేరు దొరికింది, కాస్తంత చెల్క భూమి ఎదురుగా. తర్వాతి ఏళ్లలో అక్కడ ఆయన కొడుకు పేరుంది. ఆ కొడుకే అవ్వ అన్న; పోయి చాలా కాలమైంది. ఆయన కొడుకు ఇంకా ఆ చెల్కే దున్నుతున్నాడు. నేను సంగతి చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. "మా అత్త బతికే ఉందా? చెల్లె యాడుందో అని మా నాయన సచ్చేదాక అడుగుతుండె" అని ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను.

వాళ్లంతా వచ్చి అవ్వకు ఒడిబియ్యం పోశారు. పుట్టింటివాళ్లు కొంగులో పోసే ఆ పసుపు బియ్యం అవ్వకు జన్మలో అదే మొదటిసారి. పక్కన పీట మీద కూర్చున్న తాత ముసిముసిగా నవ్వుతూనే ఉన్నాడు.

ఆ మురిపెం ఎన్నాళ్లు? పప్పులో ఉప్పెక్కువైందని తాత అన్నాడో లేదో, అవ్వ సంచి సర్దుకుని గద్వాల బస్సెక్కింది. ఆపబోతే నన్నూ కసిరింది. రెండు రోజులు బిగుసుకుని కూర్చున్న తాత, చివరికి నాతో ఫోన్ చేయించాడు.

"ఏమే, ఎప్పుడొస్తవ్?"

"నేను రాను. నువ్వే వచ్చి, మా మేనల్లునితోని మాట్లాడి తోల్కపో."

తాత లేచి ఉతికిన ధోవతి కట్టుకున్నాడు. నేను నవ్వితే గుర్రుగా చూశాడు.

"నవ్వుతవేందే? ఇన్నేండ్లాయె, నేను మాత్రం అత్తగారింటికి ఎన్నడన్న పోయిన్నా?"