స్క్రూ తిప్పని క్యాసెట్టు

వీధిలో అందరూ ఆయన్ని టంకం మామ అంటారు. చొక్కా ఎన్నిసార్లు ఉతికినా టంకం వాసన వదలదు కాబట్టి ఆ పేరు సరిపోయిందని భార్య దెప్పుతుంది. ముప్పై ఏళ్లుగా ఆయన బాగుచేసేది పాత వీడియోగేములు, టీవీకి తగిలించి, క్యాసెట్టు దూర్చి ఆడుకునే రకం. కొన్ని క్యాసెట్ల లోపల నాణెమంత బ్యాటరీ ఉంటుంది. ఆట ఎంతవరకు వచ్చిందో గుర్తు పెట్టుకునేది దాని బలంతోనే. అది చచ్చిందంటే ఆడినవాళ్ల కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆట చెరిగిపోకుండా రెండు తీగలతో బయటినుంచి కరెంటు అందిస్తూ మామ పాతది ఊడదీసి కొత్తది అతికిస్తాడు. పది నిమిషాల పని. ఎవరైనా మీట బాగుచేయమని తెచ్చినా, అడక్కుండానే క్యాసెట్టు విప్పి బ్యాటరీ మార్చేసేవాడు. అడగడం టైము దండగని ఆయన నమ్మకం.

అలాంటి మనిషి జీవితంలో ఒక్కసారి ఆగి ఆలోచించాడు. అలవాటు లేని పని కదా, అచ్చిరాలేదు.

ఆయన అక్క టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. అప్పటినుంచి పదిహేడేళ్లుగా రోజూ పొద్దున గంటసేపు ఒకటే ఆట ఆడుతుంది. దీవుల మధ్య పడవ నడపాలి, కొత్త దీవి కనిపిస్తే దానికి పేరు పెట్టాలి. ఆవిడ ముప్పై ఒక్క దీవులకీ తనతోపాటు పనిచేసిన ఆపరేటర్ల పేర్లు పెట్టుకుంది. ఇప్పుడు వాళ్లలో చాలామంది లేరు. ఈమధ్య ఆట తెరుచుకోవడానికి మొరాయిస్తోందని, బ్యాటరీ మార్చమని క్యాసెట్టు తమ్ముడికిచ్చి వెళ్లింది.

మామ స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడో లేదో, పాత గేములు కొనే వ్యాపారి ఒకాయన కొట్లోకొచ్చాడు. బల్లమీది క్యాసెట్టు చూసి, దాన్ని ఇంతవరకు ఎవరైనా విప్పారా అని అడిగాడు. లేదనగానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ క్యాసెట్టు పట్టే గేము మిషనుకి రోజులు చెల్లిపోయే ఏడాది వచ్చిన ఆటట అది. అప్పటికే దుకాణాల్లో కొత్త మిషను వచ్చి కూర్చుంది. చేసినవే కొన్ని వందలు, అమ్ముడుపోనివి తుక్కులో కలిశాయి, కంపెనీ మూతపడింది. అక్క దాన్ని సగం ధర బుట్టలోంచి ఏరుకొచ్చింది. వ్యాపారి చెప్పిన ధర అక్కకి రెండేళ్ల పింఛను. అయితే స్క్రూ తిప్పకూడదు, లోపల కొత్త టంకం పడకూడదు. పడితే అందులో సగం కూడా రాదు.

మామ బుర్ర గోక్కున్నాడు. వాడని వస్తువుకి ధర ఎక్కువంటే అర్థముంది. చావబోయే బ్యాటరీని చావనిస్తేనే విలువ అనడమేమిటి? అంటే ముప్పై ఏళ్లుగా తాను చేసింది బాగుచేయడమా, పాడుచేయడమా? మరోపక్క అక్క మోకాళ్ల నొప్పులు. ఆవిడ గది మూడో అంతస్తులో, మెట్లు నలభై రెండు. ఆ డబ్బుతో కింద గది దొరుకుతుంది. అక్కకి చెబితే వెంటనే వద్దంటుందని తెలుసు, అందుకే చెప్పలేదు. విప్పనూ లేదు. అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతూ క్యాసెట్టుని అల్మరాలో పెట్టాడు. అక్క రెండుసార్లు ఫోన్ చేస్తే సామాను రావాలని అబద్ధమాడాడు.

తొమ్మిదో రోజు అక్క మెట్లు దిగుతూ రెండుచోట్ల కూర్చుని మరీ కొట్టుకొచ్చింది. ఆవిణ్ణి చూడగానే మామ క్యాసెట్టు తీసి మిషన్లో పెట్టాడు. తెరమీద సముద్రం కనిపించింది, దీవులు లేవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లని అడిగినట్టు, మీ పేరేమిటి అని ఆట అడుగుతోంది.

ఆయన ఏదీ దాచకుండా అంతా చెప్పాడు. అక్క తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకనిపించింది.

"ఇప్పటికీ ఆ ధర ఇస్తాడా?" అంది.

"ఇస్తాడక్కా. స్క్రూ తిప్పలేదుగా."

"అయితే విప్పు. కొత్త బ్యాటరీ వెయ్యి."

దీవులే పోయాక బ్యాటరీ కాపాడేది ఇంక ఏముందని, సగం ధరెందుకు పోగొట్టుకోవాలని మామ అడగబోయాడు. ఆవిడ మొహం చూసి విప్పాడు. లోపల ఇన్నేళ్ల దుమ్ము కూడా లేదు. పది నిమిషాల్లో పనైపోయింది. చేసింది తప్పో ఒప్పో ఆయనకి ఈసారీ తెలియలేదు.

అక్క బల్ల దగ్గర కూర్చుని, పెట్టాల్సిన పేర్లు ముందుగా కాయితం మీద రాసుకోవడం మొదలుపెట్టింది. గబగబా పన్నెండు రాసింది. ఆగి ఆగి ఇంకో పది. తర్వాత కలం కదలలేదు. మామ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. సాయం చేద్దామంటే ఆయనకి వాళ్లలో ఒక్కరి పేరూ తెలియదు.

"మిగతా తొమ్మిదిమంది గొంతులూ వినబడుతున్నాయిరా," అంది అక్క. "పేర్లే రావట్లేదు."