ఆయనకు చదివిపెట్టిన ఏడాది

మా బీరువా తలుపు లోపలి వైపు ప్రతి జనవరిలో ఒక తెల్ల కాగితం అంటిస్తాం. ఆదివారం సాయంత్రం టీ తాగాక, ఆ వారానికి ఒక్క కృతజ్ఞత వాక్యం దాని మీద రాయాలి. మా అత్తగారు పెట్టిన అలవాటు ఇది. ఆవిడకు రాయడం రాదు. ఆవిడ చెబితే నేను రాసేదాన్ని. ఆవిడ పోయాక చెప్పడం కూడా నా వంతే అయింది.

గత ఏడాది కాగితం ఇంకా నా దగ్గర ఉంది. దానిలో ఆగస్టు నుంచి నవంబరు దాకా ఉన్న వాక్యాలను మాత్రం ఇప్పటికీ వరసగా చదవలేను. "ఈ వారం కూడా బండి క్షేమంగా తిరిగివచ్చింది" అని నా గుండ్రటి అక్షరాలతో పద్నాలుగు సార్లు రాసి ఉంటుంది.

నా భర్త గూడ్సు బండ్ల లోకో పైలట్. ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ లైనులో ఎక్కువగా పనిచేసేవారు. ఆ డిసెంబరు చివరి రోజున ఆయన రిటైర్‌మెంట్. జనవరి ఒకటిన చర్చిలో ఆ ఏడాదికి ఒక్కొక్కరికి ఒక బైబిలు మాట వచ్చే వాగ్దానం చీటీలు తీసినప్పుడు, దారిలో కాపాడతానన్న మాట ఉన్న చీటీ ఆయన చేతికి వచ్చింది. ఇంకేం కావాలి అనుకున్నాం. అదే నెలలో రైల్వే వైద్య పరీక్ష కూడా దాటేశారు. ఈస్టర్ తర్వాత మనవరాలికి పేరు పెట్టి ప్రార్థన చేయించాం. మే నెలలో తాల్‌బగీచాలో ఉంటున్న మా అమ్మాయికి టీచరు ఉద్యోగం ఖాయమైంది. రాయడానికి వాక్యాలు వెతుక్కోవలసిన అవసరం లేని ఏడాది అది.

నా సంగతి కొంచెం చెప్పాలి. ఎనిమిదో తరగతితో నా బడి ఆగిపోయింది. పెళ్ళయి ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్‌కు వచ్చాక రైల్వే వాళ్ళ లైబ్రరీలో చేరాను. అక్కడ తెలుగు పుస్తకాలది ఒకటే బీరువా. రెండేళ్ళలో అయిపోయింది. తర్వాత బెంగాలీ అక్షరాలు నేర్చుకున్నాను. ఆ తర్వాత నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని ఇంగ్లీషు. ఇప్పుడు మూడు భాషల్లో చదువుతాను. ఈ మాట ఎవరూ అడగకపోయినా చెబుతానని మా అమ్మాయి ఎగతాళి చేస్తుంది. మా ఆయన నన్ను పిలిచేదే "పంతులమ్మా" అని.

చర్చిలో బైబిలు వాక్యం చదివే వంతు ఆయనకు నెలకొకసారి వస్తుంది. ఏ భాగం చదవాలో వారం ముందే పట్టీ ఇస్తారు. ఆగస్టులో ఒక శనివారం ఆయన వేదపుస్తకం నా చేతికిచ్చి, "నువ్వొకసారి సదువు, వింటాను. నీ ఉచ్చారణ బాగుంటాది" అన్నారు.

ఎంత మురిసిపోయానో! ఆగి ఆగి, పొల్లుపోకుండా చదివాను. "ఇంకోసారి" అన్నారు. మళ్ళీ చదివాను. అలా నాలుగైదు సార్లు. మర్నాడు ఆయన చర్చిలో పుస్తకం తెరిచి, వరసల మీద వేలు జరుపుకుంటూ తడబడకుండా చదివారు. నేను నేర్పిన చోటల్లా ఆగారు. పక్కన కూర్చున్నావిడతో, "ఇంట్లో నేనే చదివించాను" అన్నాను.

అప్పటినుంచి అన్నీ నేనే చదివిపెట్టడం మొదలైంది. కరెంటు బిల్లు, మందు సీసా, ఫోనులో వచ్చే డ్యూటీ మెసేజి. ఏ బండి, ఎన్ని గంటలకు ఎక్కాలో నేను చదివితే ఆయన బూట్లు వేసుకునేవారు. గోల్‌బజార్‌లో చేప మొప్ప ఎత్తి రంగు చూసి కొనడం ఆయన విద్య. ఒకరోజు "నువ్వు సూడు" అని పక్కకు జరిగారు. చేపలతను నవ్వి, "కీ హోలో దాదా, చష్మా బాడీతే?" అన్నాడు, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయారా అని.

"నాకు చష్మా ఏటికి రా, నా పంతులమ్మ ఉంది" అన్నారు ఈయన.

ఇంకో సాయంత్రం వానలో నడిచి వస్తుంటే, "దీపాల సుట్టూ పూలు పూసినట్టుందే" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట అలాంటి మాట వినలేదు. నా చదువు గాలి తగిలిందని సంతోషపడ్డాను.

నవంబరులో గోల్‌బజార్‌లోనే ఆయన రిటైరయ్యాక పెట్టుకోబోయే కృతజ్ఞత కూడికకు కార్డులు అచ్చు వేయించాం. మాటలు నావే. ముప్పై ఏడేళ్ళు ఏ ప్రమాదమూ లేకుండా కాపాడిన దేవునికి స్తోత్రం అని రాశాను. ఇంకా నెలకు పైగా సర్వీసు ఉంది. అయినా జరిగిపోయినట్టే రాశాను.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిదానికి ఆయన వంతు పడింది. చదవవలసింది యేసు పూర్వీకుల పేర్ల జాబితా. ప్రతి వరసా ఒకేలా ముగుస్తుంది. శనివారం మధ్యాహ్నం నేను చదువుతుంటే కుక్కర్ కూసింది. లేచి మంట తగ్గించి వచ్చి మళ్ళీ అందుకున్నాను. మిగతా సార్లు కూడా ఆయన నేను మళ్ళీ అందుకున్న చోటు నుంచే చదివించుకున్నారు, ముందుది తనకు వచ్చేసిందని.

ఆదివారం నేను నా పుస్తకంలో వేలు పెట్టి అనుసరిస్తున్నాను. ఆయన గొంతు ధాటిగా వెళ్తోంది. ఒకచోట నా వేలు ఒక వరస మీద ఉండగా ఆయన తర్వాతి వరసలోకి వెళ్ళిపోయారు. అచ్చు తప్పేమో అనుకుని వెనక్కి చూశాను. కాదు. కుక్కర్ కూసినప్పుడు నేను వదిలేసిన వరస అది. నా పుస్తకంలో ఉంది. ఆయన చేతిలోని పుస్తకంలోనూ ఉంది. ఆయన వేలు పేజీ మీద నెమ్మదిగా జరుగుతూనే ఉంది. నోరు మాత్రం ఆ వరస పలకలేదు.

ఆయన చదవడం లేదు. అప్పజెబుతున్నారు.

అంతా ఒక్కసారిగా అర్థమైందనను. ముందు అర్థమైంది ఆ పుస్తకం గురించే. తర్వాత పాట లేచింది, అందరితో పాటు నిలబడ్డాను. పాట సగంలో చేపల బజారు గుర్తొచ్చింది. ఆ తర్వాత ఇంజను గుర్తొచ్చింది. పాడటం మానేశాను.

ఆ రోజు ఇంట్లో ఒక్క మాట అడగలేదు. అడిగితే నిజమైపోతుందని భయం. మూడింటికి ఫోను మోగి మెసేజి వచ్చింది. ఆయన ఫోను చాపారు. నేను చదివాను. అన్నీ తెలిసి కూడా, అలవాటైన నోటితో బండి నంబరూ టైమూ చదివి, టిఫిన్ కట్టి ఇచ్చాను. ఆయన సైకిలు మలుపు తిరిగేదాకా గుమ్మంలో ఉన్నాను. గేటు స్తంభానికి బాగా దగ్గరగా వెళ్ళి ఆఖరి క్షణంలో పక్కకు తిప్పారు.

సోమవారం తెరవగానే లైబ్రరీకి వెళ్ళాను. కంటి జబ్బుల పుస్తకం ఇంగ్లీషులో ఉంది. మసక, చిన్న అక్షరాలు అందకపోవడం, దీపాల చుట్టూ వలయాలు. వానలో ఆయన చూసిన పూలు అవే. నేను సంతోషపడ్డ మాట ఆ పుస్తకంలో జబ్బు గుర్తుగా అచ్చై ఉంది. నా చదువు ఇన్నేళ్ళలో నన్ను అంత భయపెట్టింది ఆ రోజే.

ఇంటికొచ్చి పని చేసుకోలేకపోయాను. యార్డు నుంచి కూత వినిపించినప్పుడల్లా చేతిలోది కింద పెట్టేదాన్ని. పక్క క్వార్టర్ ఆవిడ గోడ మీంచి, "వార్త సూసినావేటి, వదినా?" అని కేకేసింది. నా చేతిలోంచి బియ్యం గిన్నె జారిపోయింది.

"ఏటి వార్త?"

"ఉల్లిపాయలు మళ్ళీ పెరిగిపోనాయంట! ఓలమ్మో, బియ్యమంతా ఒంపేసినావేటి?"

గింజలు ఏరుకుంటూ ప్రార్థన చేయబోయాను. ఎవరి కోసం చేయాలో తెలియలేదు. ఆయన కోసమా, రైలు గేటు దగ్గర ఆగి ఉండే ఆటోల కోసమా, ఎదురుగా వచ్చే బండిలో నిద్రపోతున్న వాళ్ళ కోసమా? ఆయన పై అధికారి నంబరు డైరీలో ఉంది. రెండుసార్లు డైరీ తీశాను, రెండుసార్లూ మూసేశాను.

మంగళవారం పొద్దున్న ఆయన వచ్చారు. స్నానం చేసి, టీ గ్లాసు పట్టుకున్నాక అన్నాను: "ఆదివారం మీరొక వరస వదిలేసినారు."

"ఏ వరస?"

"కుక్కర్ కూసినప్పుడు నాను వదిలేసిన వరస."

ఆయన గ్లాసు బల్ల అంచున పెట్టారు. సగం గాలిలో ఉంది. నేను లోపలికి జరిపాను.

"ఎప్పుట్నించి?"

"వానలప్పుట్నించి. మసక, అంతే. ఇంజన్లో అసిస్టెంటు సిగ్నల్ రంగు సూసి కేకేస్తాడు, నాను తిరిగి సెప్తాను. రూలే అది."

"ఇద్దరూ సూసి సెప్పాలని రూలు. ఒకడు సూస్తే ఇంకొకడు వినాలని కాదు."

"రూల్ బుక్కు కూడా సదివేసినావేటి, పంతులమ్మా?" నవ్వబోయారు. "టాటా దాకా ప్రతి స్తంభం నాకు కంఠతా. కళ్ళు మూసుకుని సెప్పమంటావా?"

"స్తంభం ఎక్కడుందో గుర్తుంటాది. దాని మీద రంగు రోజూ ఒకటే ఉంటాదేటి?"

ఆయన గొంతు తగ్గించి, "నెల్రోజులే ఉంది. కార్డులు పంచేసినాం. ఇప్పుడు నన్ను ఆపీసు కుర్సీలో కూర్సోబెట్టి గుడ్డోడనిపిస్తావా? ఆ కార్డు రాసింది నువ్వే కదేటి?" అన్నారు.

అవును. నేనే రాశాను.

బుధవారం మధ్యాహ్నం మళ్ళీ మెసేజి వచ్చింది. ఆయన మంచం మీద కూర్చుని, ఒక కాలికి బూటు వేసుకుని, ఎప్పటిలాగే ఫోను చాపారు. "సదువు."

"సదవను."

"ఆటలాడకు. టైమైపోతాది."

"మీరే సదవండి. ఏ బండి, ఎన్నింటికి, ఆ రెండూ సెప్పండి. టిఫిన్ కట్టి ఉంది, ఇచ్చేస్తాను."

ఆయన నన్ను కొట్టిన మనిషి కాదు, తిట్టిన మనిషీ కాదు. అయినా ఆయన మొహం చూడ్డానికి భయమేసింది. ఆయన లేచి కిటికీ దగ్గరకు వెళ్ళారు. ఒక కాలికి బూటు, ఒక కాలు వట్టిది. ఫోను దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పట్టుకున్నారు, వెలుగు వైపు తిప్పారు. చివరికి, "నాలుగింటికి" అన్నారు.

నేను వెళ్ళి చూశాను. అయిదుంబావు అని ఉంది.

ఫోను తిరిగి ఆయన చేతిలో పెట్టాను. ఆయనకు నా మొహం కూడా సరిగ్గా కనబడి ఉండదు, కానీ నా ఊపిరి విన్నారు. మంచం మీద కూలబడి, వేళ్ళకు గుర్తున్న బటన్లు నొక్కి, డ్యూటీలు వేసే లాబీకి ఫోను చేశారు. అవతల ఏమడిగారో. "నహీ సాబ్, బుఖార్ నహీ. ఆంఖ్. దిఖ్తా నహీ హై," అన్నారు. జ్వరం కాదు, కళ్ళు కనబడటం లేదని. కొంచెం ఆగి, "చార్ మహీనా సే" అని కూడా అన్నారు. ఆ నాలుగు నెలల మాట చెప్పమని నేను అడగలేదు.

ఆయన్ని బండి ఎక్కనివ్వలేదు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయన్నారు డాక్టర్లు. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని సంజాయిషీ అడిగి, హెచ్చరికతో వదిలారు. ఆపరేషన్ రోజు నేను వరండాలో బెంచీ మీద కూర్చుని, దారిలో కాపాడతానన్న ఆ జనవరి చీటీని మడిచి పిడికిట్లో పట్టుకున్నాను. దాని మీద నమ్మకం పోయిందని కాదు. దాన్ని మేము ఎలా వాడుకున్నామో తలచుకుంటే భయమేసింది. కుడి కన్ను బాగైంది. ఎడమది ఫిబ్రవరిలో చేస్తామన్నారు. ఆయన సర్వీసు చివరి రోజులు ఆఫీసు కుర్చీలోనే గడిచాయి.

కొత్త జనవరి మొదటి ఆదివారం మా క్వార్టర్ ముందు షామియానా వేశాం. చర్చి అయ్యగారు కార్డు పట్టుకుని, ముప్పై ఏడేళ్ళు ఏ ప్రమాదమూ లేకుండా అని చదివారు. అందరూ స్తోత్రం అన్నారు. ఆ తర్వాత మా ఆయన సాక్ష్యం చెప్పాలి. మూడు పేజీలు నేను రాసిచ్చాను. ఆయన వాటిని జేబులోంచి తియ్యలేదు.

"ఆఖర్ల నాలుగు నెల్లు నాను సిగ్నల్ సూడకుండా బండి నడిపినాను," అన్నారు. "ఏమీ అవలేదు. మీరంతా స్తోత్రం అన్నారు. ఆ మాట అనడానికి నాకు నోరు రాట్లేదు. ముందు క్షమించమని అడగాలి. అది అడిగినాక అంటాను."

వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన ముసలాయన ఒకరు, చెవుడు వల్లనో ఏమో, గట్టిగా "ఆమెన్!" అన్నారు. ఎవరూ నవ్వలేదు. మా అమ్మాయి పాపను భుజం మీద వేసుకుని షామియానా బయటకు వెళ్ళిపోయింది. తర్వాత వచ్చి, "నీకు ముందే తెలుసా, అమ్మా?" అంది. "తెలిసి ఒక్కసారి పంపించాను" అన్నాను. అది అన్నం వడ్డించడానికి వచ్చింది.

నేను తెలిసి పంపించిన ఆ ఆదివారం నాటి బండి సంగతి తర్వాత ఎప్పుడో ఆయన్ని అడిగాను. మామూలుగానే వెళ్ళింది, మామూలుగానే వచ్చింది అన్నారు. అయినా కూత వినిపిస్తే ఇప్పటికీ చేతిలోది కింద పెడతాను.

మొన్న చర్చి నుంచి వస్తూ రైలు వంతెన మీద ఆగాం. కింద పట్టాలు పాయలుగా విడిపోతున్నాయి. ఆయన ఎడమ కన్ను మూసి, దూరంగా ఒక సిగ్నల్ వైపు చెయ్యి చాపి, డ్యూటీలో ఉన్నట్టే కేకేశారు. "స్టార్టర్, పచ్చ!"

నన్ను చూసి నవ్వుతూ, "తిరిగి సెప్పాలే, పంతులమ్మా. రూలు" అన్నారు.

నేను వెంటనే చెప్పలేదు. కమ్మీ పట్టుకుని వంగి, ఆ స్తంభం ఎక్కడుందో వెతికి, దాని మీద వెలుగుతున్నదేమిటో నా కళ్ళతో చూశాను.

అప్పుడు చెప్పాను. "పచ్చ."