అలల పలక

నా చిన్నప్పుడు నూజివీడు చుట్టుపక్కల పచ్చి చెక్క ముట్టుకోని వడ్రంగి ఎవరంటే మా తాతయ్యే. మామిడికాయల పెట్టెలకు మిగతావాళ్లు నిన్న కోసిన చెక్కైనా వాడేసేవారు. తాతయ్య మాత్రం వేసవంతా నీడలో ఆరితేగాని చిత్రిక పట్టేవాడు కాదు. "పచ్చి చెక్కతో చేసింది పని కాదమ్మా, మోసం" అనేవాడు. ఆ చాదస్తం వల్ల వచ్చిన బేరాలు వచ్చినట్టే పోయేవి. నానమ్మ సణిగేది. ఆయన చెవిన వేసుకుంటేగా!

మా మేనత్త కొడుకు నాకంటే కాస్త పెద్ద. పుట్టుకతోనే గుండెకు చిల్లు ఉందన్నారు. నాలుగడుగులు వేస్తే పెదాలు నీలంగా మారేవి. ఇక ఇంటి దగ్గరే ఉంచుకోమని బెజవాడ డాక్టరు పంపించేశాక, అత్తయ్య బావను తీసుకుని మా ఇంటికి వచ్చేసింది.

అంతకుముందు బందరు వైపు చుట్టాలింట్లో ఉన్నప్పుడు బావ ఒక వింత చూశాడు. జాలర్ల పిల్లలు చెక్క పలక మీద బోర్లా పడుకుని, అల ముందు జారుకుంటూ ఒడ్డు దాకా వచ్చేవారట. పరుగెత్తనక్కర్లేదు, అలే మోసుకొస్తుంది. నడవలేని పిల్లాడికి అదెంత ఆశో వేరే చెప్పాలా? అలాంటిది చేసిపెట్టమని తాతయ్యను పట్టుకున్నాడు.

గాలివానకు పడిపోయిన ముసలి మామిడి చెట్టు మొదలు కోయించి తాతయ్య పని మొదలుపెట్టాడు. బావ గడ్డం నుంచి మోకాలి దాకా తాడుతో కొలత తీసుకున్నాడు. ముందు కొస నీళ్లలో గుచ్చుకోకుండా బాడిసెతో కాస్త పైకి లేచేలా చెక్కాడు. గుండె ఒత్తుకోకూడదని అంచులు గుండ్రంగా తీశాడు. ఇక ఎండాకాలం దాకా ఆరబెట్టి, ఆ తర్వాతే చిత్రిక పట్టాలి. అప్పటికే బావ మంచం దిగడం మానేశాడు.

"ఎండాకాలం దాకా ఉంటాడని నీకెవరు చెప్పారు నాన్నా?" అంది అత్తయ్య. గట్టిగా కూడా అనలేదు. తాతయ్య అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పలకను భుజాన వేసుకుని మమ్మల్ని తోట వెనక చెరువుకు బయల్దేరదీశాడు. బావ ఎముకల గూడే కనుక అత్తయ్య ఎత్తుకోగలిగింది. ఆమెను గట్టున కూర్చోమని, తాతయ్య నడుంలోతు నీళ్లలో దిగి బావను పలక మీద బోర్లా పడుకోబెట్టాడు. కాళ్లు పట్టుకోమని నన్నూ దిగమన్నాడు.

పలక కదిలింది. పైకి లేచింది, కిందికి దిగింది, మళ్లీ లేచింది. చెరువులో అలలేమిటా అని నీళ్లలో చెయ్యి పెట్టి తడిమాను. పలక కింద తాతయ్య భుజం తగిలింది. బురదలో మోకాళ్ల మీద జరుగుతూ, గడ్డం దాకా మునిగి, బావనూ ఆ పచ్చి చెక్కనూ కలిపి ఆయనే మోస్తున్నాడు. తడారని చెక్క బరువుకి తేలదు, వదిలితే రెండూ అడుక్కి పోతాయి.

"వదిలెయ్ తాతయ్యా, నేనొక్కణ్ణే పోతా" అన్నాడు బావ. నాకు భయమేసింది.

"వదిలేశాన్రా అయ్యా, చూడు" అంటూ తాతయ్య రెండు చేతులూ నీళ్ల పైకి ఎత్తి చూపించాడు. మెడ నరాలు ఉబ్బిపోయి ఉన్నాయి. నా వైపు చూశాడు.

"అవును బావా, వదిలేశాడు" అన్నాను.

బావ నవ్వాడు. ఆయాసంతో ఆగి, మళ్లీ నవ్వాడు. గట్టు మీద అత్తయ్య చప్పట్లు కొట్టింది.

పలక ఆరకముందే బావ పోయాడు. తాతయ్య భుజం కమిలిపోయి ఉంటే చూసి నానమ్మ అడిగింది. దూలం పడిందన్నాడు. నాతో కూడా ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

అత్తయ్యకు బతుకంతా అదొక్కటే మిగిలింది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ "మా వాడు ఎవరి సాయం లేకుండా వెళ్లాడండీ" అని చెప్పుకునేది. మొన్నామధ్య ఆసుపత్రిలో, చివరి రోజుల్లో, చూపు కూడా సరిగ్గా ఆననప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు పక్కనే ఉన్నావుగా, ఉన్నమాట చెప్పవే. నాన్న నిజంగానే వదిలేశాడా?"

"వదిలేశాడత్తయ్యా. బావ ఒక్కడే వెళ్లాడు" అన్నాను.

నా గొంతు వణకలేదు. చెరువులో ఆ పూట తాతయ్య దగ్గర నేర్చుకున్నది అదే, ఇప్పటికీ నా దగ్గర ఉన్నదీ అదే. అత్తయ్య కూడా వెళ్లిపోయింది కనుక ఈ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను.